భూమికి పట్టిన మరక

క్రయదస్తావేజు వ్రాయించుకొనుటకు మా యొద్దకు వచ్చువారిని మేము కొన్ని ప్రశ్నలు తప్పక అడుగుదుము. అమ్ముచున్నవారికి ఆ స్థలము ఎట్లు సంక్రమించినది? ముప్పది సంవత్సరముల లింకు దస్తావేజులు కలవా? తనఖాలు, జప్తులు, వారసుల తగాదాలు ఏవైనను ఉన్నవా? రిజిస్ట్రారు కచేరీనుండి ఇ.సి. తెప్పించితిరా? నాలుగు హద్దులును సరిచూచితిరా? ఇరువది యేండ్లకు దగ్గరగా ఈ ప్రశ్నలనే అడుగుచు వచ్చితిమి. కాని ఆ స్థలమున ఇంతకుముందు ఏ వ్యాపారము జరిగినది, పెరటిలో ఏమి పారబోసిరి అను ప్రశ్నను మేమొక్కనాడును అడిగి యుండలేదు. మా తోడి న్యాయవాదులలో అడిగినవారిని మేమెరుగము. స్థలముపైనున్న అప్పు ఇ.సి.లో కనబడును గాని స్థలములోపల దిగియున్న అప్పు ఏ కాగితమునందును కనబడదు.

ఈ మాట నేడు మాకు తోచుటకు కారణము కలదు. 2025 జూలై 24వ తేదీన కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ కలుషిత స్థలముల నిర్వహణమును గూర్చి నిబంధనలు ప్రకటించినది. వాని ప్రకారము, నేలయో నీరో విషపూరితమైనదని అనుమానింపదగిన స్థలముల జాబితాను జిల్లా యంత్రాంగము ఆరుమాసముల కొకమారు సిద్ధపరుపవలెను. ఆ జిల్లా యంత్రాంగము మనకు దూరమున లేదు. 2016లో ఆదిలాబాదునుండి విడివడిన మంచిర్యాల జిల్లాకు కలెక్టరు కార్యాలయము 2023 నుండి మన నస్పూరుననే యున్నది. 2018లో పురపాలక సంఘమై, 2025లో మంచిర్యాల నగరపాలక సంస్థలో కలిసిపోయిన ఈ ఊరి పౌరులకు, తమ వీధి చివరనే వ్రాయబడు జాబితాలో ఏమి చేరుచున్నదో, ఏమి చేరుట లేదో విచారింపక ఊరకుండుట తగదు.

పెద్ద ఫ్యాక్టరీ పేరును జాబితాలో ఎవరైనను వ్రాయగలరు. దాని పొగగొట్టమే దానికి సాక్షి. మా చింత చిన్న స్థలములను గూర్చియే. మూతపడిన డ్రైక్లీనింగు దుకాణము, యంత్రభాగముల జిడ్డు కడిగిన షెడ్డు, రంగులు, ద్రావకములు నిలువచేసిన గోదాము — ఇవి ఎవరి కంటను పడవు. నేడు అచ్చట మొబైలు ఫోనుల దుకాణమో, మెస్సో, అద్దె ఇల్లో ఉండవచ్చును. వీనిలో డ్రైక్లీనింగు దుకాణమును ఉదాహరణముగా గ్రహింతము. అంత చిన్న వ్యాపారము భూమికి ఎంత పెద్ద కీడు చేయగలదో దాని చరిత్ర చెప్పినట్లు మరియొకటి చెప్పదు.

చాకిరేవున బట్ట నీటితో శుభ్రమగును. చవుడు కలిపి ఉబ్బవేసి బండపై ఉతికినపుడు వదలిన మురికి వాగువెంట పోవును. అది అందరికిని కనబడును. పట్టుచీరయు ఉన్నికోటును ఆ దెబ్బలకు ఓర్వవు గనుక, నీరు తగులనీయక వానిని ద్రావకముతో కడుగు పద్ధతి పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాలో పుట్టినది. ‘డ్రై’ అని పేరే గాని బట్ట తడియకపోదు. నీటితో తడియదు, అంతియే. మొదట టర్పెంటైను, పెట్రోలు మొదలగునవి వాడిరి. అవి నిప్పంటుకొని దుకాణములు దగ్ధమగుచుండెను. మన పట్టణములలో వినబడు ‘పెట్రోలు వాష్’ అను మాట ఆ పద్ధతికి చెందినదే. మంటకు వెరచి కార్బన్ టెట్రాక్లోరైడును, పిమ్మట పెర్‌క్లోరో ఎథిలీను అను ద్రావకమును తెచ్చిరి. మొదటిది మనుష్యుని కాలేయమునకును, ఆకసమందలి ఓజోను పొరకును కీడుచేయునది. మన దేశమున ద్రావకముగా దాని వాడుకను 2010 జనవరి 1 నుండి నిషేధించిరి. రెండవదానిని వ్యాపారులు ‘పెర్క్’ అందురు. అది మండదు, జిడ్డును చక్కగా లాగును, బట్టీపెట్టి మరల మరల వాడుకొనవచ్చును. దుకాణదారునికి అది వరమువలె తోచుటలో వింత లేదు.

ఆ వరములోని చిక్కు దాని బరువునందున్నది. లీటరు నీరు ఒక కిలో తూగగా, లీటరు పెర్కు 1.6 కిలోలు తూగును. నూనె నీటిపై తేలును గాని ఇది మునుగును. నేలపై ఒలికిన పెర్కు ఇసుకలోనుండి జారి, భూగర్భజలమును సైతము దాటి, బంకమట్టి పొర అడ్డుపడువరకు దిగి, అచ్చట గుంటలుగా నిలుచును. అచ్చటినుండి కొంచెము కొంచెముగా నీటిలో కరగుచు తరముల తరబడి పోవుచునే యుండును. కంటికి కనబడదు, కొలది మోతాదున వాసనయు రాదు. గాలి సోకని లోతున కొన్ని సూక్ష్మజీవులు దానిని విరుగగొట్టినను, ఆ పని నడుమ నిలిచిపోయినచో ట్రైక్లోరో ఎథిలీను, వినైల్ క్లోరైడు అను పదార్థములు మిగులును. పెర్కు క్యాన్సరు కలిగింపవచ్చునని అంతర్జాతీయ పరిశోధన సంస్థ అభిప్రాయము; ఈ రెండును నిశ్చయముగా కలిగించునని ఆ సంస్థయే తేల్చినది. త్రాగునీటిలో పెర్కునకు అమెరికా విధించిన హద్దు లీటరునకు 5 మైక్రోగ్రాములు. మేము లెక్కవేసి చూచితిమి: ఒక్క లీటరు పెర్కు ముప్పదిరెండు కోట్ల లీటర్ల నీటిని ఆ హద్దునకు తెచ్చుటకు చాలును. లెక్క తప్పేమో యని మరల వేసితిమి. తప్పలేదు.

ఒక చిన్న దుకాణము చేసిన కీడును దశాబ్దముల పర్యంతము శోధించి లెక్కలు వ్రాసిపెట్టిన దృష్టాంతము అమెరికాలో నున్నది. నేడు మన తెలుగు కుటుంబములు వేలకొలది కాపురమున్న ఉత్తర కెరొలైనా రాష్ట్రమునందే అది జరిగినది. అచ్చటి జాక్సన్‌విల్ పట్టణమున క్యాంప్ లెజూన్ అను సైనిక శిబిరము కలదు. సైనికుల కుటుంబములు నివసించు టరావా టెర్రస్ అను కాలనీకి రహదారి కావల, ఏ.బి.సి. వన్ అవర్ క్లీనర్స్ అను డ్రైక్లీనింగు దుకాణమును 1953లో తెరచిరి. వాడిన పెర్కులో కొంత సెప్టిక్ ట్యాంకుగుండ నేలలోనికి పోయినది. బట్టీలో మిగిలిన పిప్పితో దారిలోని గుంతలు పూడ్చిరి. ఎవరికో హాని చేయవలెనని చేసిన పని కాదు. పారవేయవలసినదానితో గుంత పూడుచుట పొదుపని తలంచి యుందురు. మన యూళ్లలో చేయనిదా?

ఆ దుకాణమునకు సుమారు 900 అడుగుల దూరమున కాలనీకి నీరిచ్చు బావి యొకటి యుండెను. యంత్రము నీరు తోడినకొలది నేలలోని నీరు ఆ దిక్కునకే నడచి, విషమును వెంట తెచ్చినది. 1985 ఫిబ్రవరిలో ఆ బావిని మూసిరి. ఆ దినములలోనే తీసిన కొళాయి నీటిలో లీటరునకు 215 మైక్రోగ్రాముల పెర్కు కనబడెను. అనగా హద్దునకు నలువదిమూడు రెట్లు. ప్రభుత్వ ఆరోగ్యశాఖ శాస్త్రజ్ఞులు తరువాత వెనుకకు లెక్కవేసి చూడగా, 1957 నవంబరు నుండియే ఆ నీరు హద్దు మీరియుండె నని తేలినది. దుకాణము తెరచిన నాలుగేండ్లకే విషము కొళాయిని చేరెను. ఇరువదియేడేండ్లు తల్లులును పసిబిడ్డలును దానిని త్రాగిరి. 1989లో ఆ స్థలము ఆ దేశపు అతికలుషిత స్థలముల జాబితా కెక్కినది. 2022లో బాధితుల దావాలకై ప్రత్యేక చట్టము చేయవలసి వచ్చినది. ఆ శిబిరమున వేరు బావులలో వేరు విషములును ఉండెను. చట్టము అన్నిటిని కలుపుకొన్నది గనుక సర్వమును ఈ దుకాణము నెత్తిన వేయుట న్యాయము కాదు. కాని టరావా టెర్రసు బావిని చెరచినది ఈ దుకాణమే.

ఇక మన నేలను చూతము. హైదరాబాదు చుట్టుపట్ల నేలవలె ఇది గ్రానైటు బండ కాదు. ప్రాణహిత గోదావరి లోయలోని ఇసుకరాతి నేల. ఆ ఇసుకరాతి పొరల నడుమనే మన బొగ్గు ఉన్నది. ఇసుకరాయి నీటిని త్రాగును, దాచును, నడిపించును. శ్రీరాంపూరు గనులలో దిగినవానిని ఎవనినైనను అడుగుడు: గనిలోనికి నీరూరుటయు, ఆ నీటిని పంపులతో తోడుటయు నిత్యకృత్యమని చెప్పును. ఒక్క కాలనీ బావి తొమ్మిదివందల అడుగుల దూరమునుండి విషమును లాగుకొనగలిగినపుడు, గనుల పంపులును, ఇంటింటి బోర్లును తోడుచున్న ఈ ఇసుకరాతిలో పైన ఒలికినది ఎటు పోవునో ఊహించుకొనవలసినదే. నస్పూరున ఫలానా చోట విషమున్నదని మేము నేరారోపణ చేయుట లేదు. ఉన్నదనుటకుగాని లేదనుటకుగాని పరీక్ష కావలెను. పరీక్షకు ముందు ఎచ్చట వెదకవలెనో తెలియవలెను. మరియొక సంగతి. బోరునీటి ఉప్పదనమును, కాఠిన్యమును, ఫ్లోరైడును చూచు సామాన్య పరీక్షలో పెర్కు బయటపడదు. దానికి గ్యాస్ క్రొమటోగ్రాఫు అను యంత్రము కావలెను. ఇది పనిగట్టుకొని అడిగిననే గాని జరుగని పరీక్ష. నీరు మంచిదని చీటీ వచ్చినది గదా యని నెమ్మదించినవారు ఆ చీటీలో దేనిని చూచిరో చదువుకొనుట మంచిది.

చెడిన నేలను బాగుచేయుట సాధ్యమా యని అడుగువారికి మా సమాధానము: సాధ్యమే, కాని చెరుపుటకు పట్టినంత సులువుగా కాదు. పైపొరలోనిదైనచో గొట్టములు దింపి మట్టిలోని ఆవిరిని పీల్చి, ఉత్తేజపరచిన బొగ్గుగుండ పంపుదురు. బొగ్గు విషమును పట్టుకొనును. (బొగ్గు ఊరివారికి ఇది వినుటకు ఇంపుగానే యుండును.) నీటిని చేరినచో ఆ నీటిని తోడి శుద్ధిచేయుట మొదటినుండి ఉన్న పద్ధతి. అందులోని కష్టమేమన, అడుగున గుంటకట్టిన పెర్కు కరగుచున్నంతకాలము పైన తోడుచునే యుండవలెను. పర్మాంగనేటు ద్రావణమును లోనికి పంపి విషమును కాల్చివేయు పద్ధతి యొకటి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయమువారు 1990 ప్రాంతమున కనుగొన్నది మరియొకటి: నీరు పోవు దారికి అడ్డముగా కందకము త్రవ్వి ఇనుప రజను నింపుదురు, నీరు దానిగుండ సాగిపోవుచుండగా ఇనుము ఆ విషమును విరుచును. పంపు అక్కరలేదు, విద్యుత్తు అక్కరలేదు. అన్నిటికంటె మమ్ము ఆశ్చర్యపరచినది సూక్ష్మజీవుల వైద్యము. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మురుగునీటిశుద్ధి కేంద్రపు బురదనుండి ఒక సూక్ష్మజీవిని వేరుచేసి 1997లో ప్రకటించిరి. అది పెర్కును నడుమ విడువక తుదివరకు విరిచి, హానిలేని ఎథిలీనుగా మార్చును. ఇట్టి జీవులకు ఆహారముగా నేలలోనికి బెల్లపు మడ్డియో, వంటనూనెయో పంపుదురు. మడ్డికిగాని ఇనుప రజనుకుగాని మన దేశమున కొరత లేదు. కొరత మరియొక చోట నున్నది. ఎచ్చట త్రవ్వవలెనో తెలియనిదే ఈ వైద్యములలో ఒక్కటియు మొదలు కాదు. ఆలస్యమైన ప్రతి యేడును విషము మరికొన్ని గజములు సాగుటచేత ఖర్చు పెరుగును.

ఆలస్యమన నేమో తెలంగాణమునకు ఒకరు చెప్పవలసిన పని లేదు. పటాన్‌చెరు పరిశ్రమల ద్రావకములును మందుల మడ్డియు నక్కవాగున బడి, పొలములను చెరచి, మంజీరవైపు సాగినవి. రైతుల పక్షమున 1990లో సుప్రీంకోర్టున వ్యాజ్యము దాఖలైనది. 2001లో అది హైకోర్టునకు పంపబడెను. అటుపిమ్మట హరిత ట్రిబ్యునలునకు పోయెను. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు బొల్లారము ప్రాంతమును దేశమందలి తీవ్రకలుషిత ప్రాంతములలో చేర్చెను. రాజస్థానమున ఉదయపూరు దగ్గరి బిఛ్రీ గ్రామపు కథయు ఇట్టిదే. బావులు చెడిన ఆ గ్రామము విషయమున, చెరచినవాడే శుద్ధివ్యయమును భరింపవలెనని 1996లో సుప్రీంకోర్టు ఘనమైన తీర్పు చెప్పినది. మా న్యాయవాదులు నేటికిని ఆ తీర్పును ఉదాహరించి మురియుదురు. ఆ వ్యయము 37.385 కోట్ల రూపాయలని లెక్కతేలినది. కట్టవలసినవారు దరఖాస్తుపై దరఖాస్తు వేయుచు పదునైదేండ్లు గడిపిరి; తుదకు 2011లో చక్రవడ్డీతో కట్టుడని కోర్టు గద్దింపవలసి వచ్చెను. పేరున్న పరిశ్రమ, ధనమున్న యజమాని, దేశపు అత్యున్నత న్యాయస్థానము — ఇన్నియు ఉన్నచోటనే ఇంత కాలము పట్టినది. యజమాని మరణించి, బోర్డు తీసివేయబడి, మడిగె మూడు చేతులు మారిన చిన్న దుకాణము మాట చెప్పనేల?

కొత్త నిబంధనలను మేము శ్రద్ధతో చదివితిమి. జిల్లానుండి జాబితా వచ్చిన పిమ్మట 90 దినములలో ప్రాథమిక పరీక్ష జరుగవలెను. అటుపై మూడుమాసములలో విపులమైన పరిశీలనము జరిపి స్థలము కలుషితమో కాదో తేల్చవలెను. బాధ్యుని గుర్తించి ఖర్చు వానిపై వేయవలెను. బాధ్యుడు దొరకనిచో, లేక కట్టజాలనిచో, కేంద్రమును రాష్ట్రమును భరింపవలెను. ఇవి మెచ్చదగినవి. ఒక లోపము మాత్రము స్పష్టము: గుర్తించుటకు గడువులున్నవి గాని శుద్ధి ముగించుటకు గడువు లేదు. దేశమున అంతకుముందే గుర్తించిన 103 కలుషిత స్థలములలో శుద్ధి ఆరంభమైనవి ఏడు మాత్రమే యన్న సత్యము ప్రక్కన పెట్టి చూచినచో ఈ లోపము చిన్నది కాదు.

మన ఊరికి సంబంధించిన మరియొక నిబంధన కలదు. గనుల పనులవలన కలిగిన కాలుష్యము ఈ నిబంధనల పరిధిలోనికి రాదు. ‘ఇది గనుల ఊరు, మనకు వర్తింపదు’ అని ఏ గుమాస్తాయైనను ఫైలు మూసివేయుటకు ఈ ఒక్క వాక్యము చాలును. అందుకే మేము ఆ తరువాతి మాటను గూడ చదువుడని కోరుచున్నాము: గనుల కాలుష్యముతో వేరొక విషము కలిసియుండి, ఆ విషము నిర్ణీతమైన హద్దును మించినచో, ఆ స్థలపు శుద్ధి ఈ నిబంధనల క్రిందికే వచ్చును. దుకాణమున ఒలికిన ద్రావకము గనుల ఊరిలో ఒలికినంతమాత్రమున గనుల కాలుష్యము కాజాలదు.

ఇంతవరకు చదివి కొందరు నవ్వవచ్చును. వేసవిలో బోర్లు ఎండి జనము బిందెలు పట్టుకొని నిలుచుండు దేశమున లీటరులో ఐదు మైక్రోగ్రాముల మాట ఎందుకని అడుగవచ్చును. నీరు కొరవడినపుడే జనము పాతబావిని పూడికతీసి వాడుకొందురు, మూలనున్న బోరుకు మోటారు బిగింతురు. కొరతయే వారిని పరీక్షింపని నీటియొద్దకు నడిపించును. కనుక ఆ ఆక్షేపణ మా వాదమునకే బలము.

రెండవ ఆక్షేపణ బరువైనది. ఈ వెదకులాటవలన పెద్దలు తప్పించుకొని, నాలుగు గజముల మడిగెలో ఇస్త్రీ బల్ల పెట్టుకొని బ్రతుకు రజక సోదరుడు దొరకిపోడా? మేమును ఆ భయమునకు లోనైతిమి. తెలియక ఒలికినవానిని కోర్టుకీడ్చి వాని ఇల్లు వేలము వేయించినను, ఆ డబ్బుతో ఒక బోరైనను వేయజాలము. ఉత్తర కెరొలైనా రాష్ట్రము ఈ చిక్కునకు 1997లో ఒక ఉపాయము చేసినది. ద్రావకము అమ్మకముపై కొంత పన్నును, డ్రైక్లీనింగుపై వచ్చు అమ్మకపు పన్నులో కొంత భాగమును కలిపి ఒక నిధి ఏర్పరచి, ఆ నిధినుండి పాత దుకాణముల నేలను శుద్ధిచేయించుచున్నది. టెక్సాసు, ఫ్లోరిడా మొదలగు రాష్ట్రములును ఇట్టి నిధులే పెట్టుకొన్నవి. తన జేబు గల్లంతు కాదని తెలిసిన దుకాణదారుడు ఎచ్చట పోసినదియు తానే వచ్చి చెప్పును. మన రాష్ట్రమునను ఇట్టి నిధి కావలెనని మా అభిప్రాయము. ద్రావకమును డ్రమ్ములకొలది తయారుచేసి, దిగుమతిచేసి అమ్మువారు తొలి భారము మోయవలెను. దానిని గరిటెలతో వాడినవాడు కాదు.

అమెరికా పర్యావరణ సంస్థ 2024 డిసెంబరులో డ్రైక్లీనింగునందు పెర్కు వాడుకను పదేండ్లలో క్రమముగా మాన్పవలెనని నిర్ణయించినది. అచ్చట అమ్ముడుపోని సరకు ఎచ్చటికి వచ్చునో పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు.

అన్నిటికంటె మాకు తొందర కలిగించునది వేరొకటి. ముప్పది, నలువది యేండ్లక్రిందట ఆ దుకాణములలో, షెడ్లలో పనిచేసిన కుర్రవాండ్రు నేడు అరువది, డెబ్బది యేండ్లవారు. మడ్డి డబ్బా ఏ మూల వంపిరో, ఏ గుంతను దేనితో పూడ్చిరో వారికి తెలియును. భూమిని పరీక్షించు యంత్రము ఎంత మంచిదైనను, పదియెకరములలో ఏ పదిగజములను చూడవలెనో అది చెప్పలేదు. ఆ ముసలివాడు చేయి చూపి చెప్పగలడు. ఇటువంటి వృద్ధుడొకడు, తాను పనిచేసిన దుకాణము వెనుక తోటకూర నాలుగేండ్లు మొలవలేదని మాతో ఒకనాడు మాటలసందున అన్నాడు. ఆ దినమున మేము వేరొక దావా పనిమీద ఉంటిమి, నవ్వి ఊరకుంటిమి. మరల విచారింపబోవుసరికి ఆయన లేడు. ఆ దుకాణము ఎచ్చటిదో చెప్పగలవారు ఆ ఇంట మరి లేరు.

ఈ వారమునుండి మేము వ్రాయు ప్రతి క్రయదస్తావేజునందును ఒక వాక్యము చేర్చుచున్నాము: ఈ స్థలమున ఇంతకుముందు జరిగిన వ్యాపారము ఇది, వాడిన ద్రావకములు ఇవి, లేక ఏమియు లేవు అని అమ్మువాడు ప్రకటించుచున్నాడు. కక్షిదారులు విసుగుకొందురు, విసుగుకొననిండు. తోడి న్యాయవాదులును దస్తావేజు లేఖరులును ఈ వాక్యమును అనుసరింతురని ఆశించుచున్నాము. మరియు పఠనమందిరమున పత్రికల బల్లపై ఒక పుస్తకము ఉంచితిమి. నస్పూరు, శ్రీరాంపూరు, మంచిర్యాలలలో ఎచ్చట ఏ సంవత్సరమున డ్రైక్లీనింగు దుకాణముగాని, జిడ్డు కడుగు షెడ్డుగాని ఉండెనో, వ్యర్థమును ఎచ్చట పోయుచుండిరో, దగ్గర బావిగాని బోరుగాని కలదో తెలిసినవారు అందులో వ్రాయవలెను. వ్రాయరానివారు చెప్పినచో మందిరపు కార్యదర్శి వ్రాసికొనును. మాసాంతమున దాని ప్రతిని కలెక్టరు కార్యాలయమున దాఖలుచేసి రసీదు తీసికొందుము. ఆ ప్రతిలో చెప్పినవారి పేరుగాని, దుకాణదారుని పేరుగాని ఉండదు. స్థలము, సంవత్సరము, పోసినది — ఈ మూడే ఉండును.